పెండింగులో పెట్టిన గుండె

కిందటి ఆదివారం పొద్దున్నే మా ఫ్లాటుకి ముగ్గురు పరుగుల మనుషులు వచ్చారు. నల్లగండ్లలో మేముండే అపార్టుమెంట్లలో వీళ్ళదొక సంఘం. తెల్లారకముందే లేచి, చిలకపచ్చ చొక్కాలు తొడుక్కుని, గేటు దగ్గర ఒళ్ళు విరుచుకుంటూ ఫోటోలు దిగి, ఆ తరవాత వీలుంటే కాస్త పరిగెత్తుతారు. మా ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. లిఫ్టులో ఎవరితోనో అన్నారట, మా ఆవిడ ఆ రోజుల్లోనే హాఫ్ మారథాన్ పరిగెత్తిందని. అంతే, వచ్చి సోఫాలో కూర్చున్నారు. వాళ్ళలో పెద్దాయన చేతులు కట్టుకుని, "మేడమ్, మీ జర్నీ మాతో షేర్ చేసుకోవాలండి. ఆ రోజుల్లో ఒక లేడీ, అదీ హైటెక్ సిటీ రోడ్ల మీద! మాకు ఇన్‌స్పిరేషన్ అండి మీరు" అన్నాడు. పక్కనున్న అమ్మాయి, అప్పట్లో ఏ షూస్ వాడారాంటీ అని అడిగింది. తెల్ల గుడ్డ బూట్లు, బళ్ళో డ్రిల్లుకి వేసుకునేవి, ఒక సైజు పెద్దవైతే ముందు పత్తి కుక్కుకున్నాను అన్నాను. మూడో అతను న్యూట్రిషన్ ఏం తీసుకున్నారన్నాడు. పెసరట్టు, ఉప్మా అన్నాను. జోకనుకుని ముగ్గురూ నవ్వారు. కాఫీ తాగి, నాతో కూడా ఒక ఫోటో దిగి వెళ్ళారు. వాళ్ళకి ఆ కథ చెప్పకూడదని గ్లాసులు కడుగుతుండగానే నిర్ణయించుకున్నాను. చెబితే దానిక్కూడా ఒక చిలకపచ్చ చొక్కా తొడుగుతారు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

అప్పుడు మేము హఫీజ్‌పేటలో స్టేషనుకి దగ్గరగా ఒక పోర్షన్‌లో అద్దెకుండేవాళ్ళం. రెండు గదులు, వెనక రేకుల వంటిల్లు, వాకిట్లో పంపు. మా నాన్న తెనాలి వైపు నుంచి ఉద్యోగం కోసం వచ్చి, నాంపల్లిలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా పనిచేసేవారు. ఆయనకి కాగితం మీద లేనిదేదీ ప్రపంచంలో లేదు. ఇంట్లో పాలవాడికి ఒక ఫైలు, గ్యాసుకి ఒక ఫైలు, ఇంటి ఓనరుతో గొడవలకి ఒక ఫైలు. అన్నీ దారంతో కట్టి, పైన ఎర్ర పెన్సిల్‌తో పేర్లు రాసి, బీరువా మీద వరసగా పేర్చేవారు. వాటిలో అన్నిటికంటే లావుగా ఉన్న ఫైలు నాది. నా తొమ్మిదో ఏట కీళ్ళు వాచిపోయి, విడవకుండా జ్వరం వచ్చింది. కీళ్ళవాతపు జ్వరమనీ, అశ్రద్ధ చేస్తే గుండె కవాటాలు పాడవుతాయనీ పెద్దాసుపత్రి డాక్టరు చెప్పారు. మళ్ళీ రాకుండా మూడు వారాలకొకసారి పెన్సిలిన్ సూది వేయించమన్నారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో నా పేరు వసుంధర కాదు, గుండె జబ్బు పిల్ల.

ఆ సూది సంగతి ఇప్పటివాళ్ళకి తెలియదు. సున్నపు నీళ్ళలా తెల్లగా, చిక్కగా ఉండే మందు. కాంపౌండరు ఇంటికే వచ్చేవాడు. వంటింట్లో కిరసనాయిలు స్టవ్ మీద గాజు సిరంజి మరిగించేవాళ్ళు. ఆ కిరసనాయిలు వాసనా, స్పిరిట్ వాసనా కలిసి పప్పులో పోపు వాసనని మింగేసేవి. సూది పడ్డాక రెండు రోజులు కుంటుకుంటూ నడిచేదాన్ని. మా నాన్న గోడ మీది క్యాలెండర్‌లో ఏడాది మొత్తానికీ ముందే ఎర్ర సున్నాలు చుట్టేసేవారు. పండగలేవైనా గుర్తుండకపోవచ్చు గాని, ఆ సున్నాలు మాత్రం ఎవరూ మరిచిపోయేవాళ్ళు కాదు. మా నాయనమ్మ రోజూ పొద్దున్నే మడిబట్ట కట్టుకోకముందే వచ్చి, నా ఛాతీకి చెవి ఆనించి, ఊపిరి బిగబట్టి వినేది. "ఇవాళ బాగానే కొట్టుకుంటోందిరా అబ్బాయీ" అని మా నాన్నకి రిపోర్టు ఇచ్చేది. ఆవిడకి చెవుడు. ఏం వినబడేదో భగవంతుడికి తెలియాలి.

ఆవిడ మీద విసుక్కోలేకపోయేదాన్ని. ఆవిడ కూతురు, అంటే మా మేనత్త, పద్నాలుగేళ్ళకి ఇదే జ్వరంతో పోయింది. ఆ పిల్ల పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు, మా నాన్నయితే అసలే కాదు. అందుకని బళ్ళో డ్రిల్లు క్లాసులో నేను చెట్టు కింద కూర్చుని మిగతా పిల్లల చెప్పులకి కాపలా కాశాను. మెట్లెక్కకూడదు, బిందె ఎత్తకూడదు, పకపకా నవ్వకూడదు. ఎవరింటికి వెళ్ళినా మా నాన్న గుమ్మంలోనే, "మా అమ్మాయికి గుండె కొంచెం వీకండీ, ఆ కుర్చీ ఇలా వేయండి" అనేవారు. నేనేదో అమాయకురాలిలా పడి ఉన్నానని కాదు. అంట్లు తోమాల్సి వచ్చినప్పుడూ, అప్పడాలు ఒత్తాల్సి వచ్చినప్పుడూ ఛాతీ మీద చెయ్యి వేసుకుని మంచం ఎక్కేదాన్ని. మా అమ్మ ఒక్కతే చచ్చీ చెడీ చేసుకునేది. ఆ గుండెని అందరికంటే ఎక్కువ వాడుకున్నదాన్ని నేనే. సిగ్గులేనితనం కాకపోతే ఏమిటది?

డిగ్రీ అయ్యాక కంప్యూటర్ కోర్సు చేసి, మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీలో చేరాను. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలతో రాశారు కదా, రెండువేలు వస్తే కంప్యూటర్లన్నీ తికమకపడి లోకం తలకిందులవుతుందని అప్పుడు ఒకటే గోల. ఆ రెండంకెల్ని నాలుగంకెలు చేయడం మా పని. రోజంతా తెర మీద కళ్ళు పెట్టుకుని తారీఖులు దిద్దేవాళ్ళం, దానికే మమ్మల్ని ఇంజనీర్లనేవారు. అప్పటి మాదాపూర్ అంటే ఏముంది? గుండ్రటి అద్దాల భవనం ఒకటి కొత్తగా లేచింది. చుట్టూ బండరాళ్ళు, ఎర్రమట్టి, రాళ్ళు పేల్చే మందు వాసన, లారీలు. దాన్ని చూడటానికి జనం బిర్యానీ పొట్లాలు కట్టుకుని పిక్నిక్కి వచ్చేవాళ్ళు. మా నాన్న రోజూ నన్ను స్కూటరు మీద ఆఫీసు గుమ్మం దాకా దింపి, అక్కడి నుంచి అంత దూరం నాంపల్లి వెళ్ళేవారు.

ఒకసారి స్కూటరు ఇంజను పట్టేసి వారం రోజులు మెకానిక్ దగ్గర పడి ఉంది. నన్ను ఆటోలో వెళ్ళమని చెప్పి ఆయన రైలెక్కి పోయారు. రోడ్డు మీద రాళ్ళ లారీ ఒకటి బోల్తా పడి, ఆటో లేదు, బస్సు లేదు. దిక్కులు చూస్తూ నిలబడితే మా ఆఫీసులో ఊడ్చి తుడిచే యాదమ్మ ఎదురైంది. నల్గొండ వైపు మనిషి, మా అమ్మ వయసుంటుంది. భర్తతో కలిసి కూలిపనికి వచ్చి, ఆ అద్దాల భవనానికి ఇటుకలు మోసి, ఆ తరవాత మా ఆఫీసులో చేరింది. హఫీజ్‌పేట గుడిసెల్లోంచి మాదాపూర్ దాకా, ఆరేడు కిలోమీటర్లు, రోజూ నడిచే వచ్చేది.

"ఏంది బిడ్డా, గిట్ల నిలవడ్డవ్?"

"బస్సు లేదు యాదమ్మా."

"ఈయాల రాదు ఇగ. నడువు, నేను వోతున్న గద."

"నేను నడవకూడదు. నాకు గుండె జబ్బు."

యాదమ్మ నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసింది. "గుండె జబ్బు అయితె నడువొద్దా? నా మొగనికి గుండె జబ్బే ఉండె. సచ్చిపోయె దినం దాక పార పట్టిండు. మెల్లగ రా."

ఈ ఓదార్పుకి భయపడాలో నవ్వాలో తెలియక ఆవిడ వెంట నడిచాను. మెల్లగ రా అందే గాని ఆవిడ నడక పరుగే. ఆఫీసు చేరేసరికి చుడీదారు తడిసిపోయింది, కాళ్ళు పీకుతున్నాయి. అంతే, ఇంకేమీ కాలేదు. మధ్యాహ్నం దాకా చేతి నాడి పట్టుకుని కూర్చున్నాను, చచ్చిపోతానేమోనని. చావలేదు సరి కదా, టిఫిన్ డబ్బా రెండు నిమిషాల్లో ఖాళీ చేశాను. స్కూటరు బాగుపడ్డాక, ఆఫీసు వ్యాను స్టేషను దగ్గరికి వస్తోందని ఇంట్లో అబద్ధం చెప్పాను. ఆ చలికాలమంతా యాదమ్మతోనే వెళ్ళాను. నా డబ్బా, హ్యాండుబ్యాగు ఆవిడ సంచిలో వేసి, కొండాపూర్ దాటాక ఆ బండల మధ్య బాటలో ముందుకి పరిగెత్తి, మళ్ళీ ఆవిడ దాకా వెనక్కొచ్చి, మళ్ళీ పరిగెత్తేదాన్ని. పరిగెత్తడం ఇరవైమూడేళ్ళకి నేర్చుకున్నాను. బళ్ళో చెప్పులకి కాపలా కాసిన ఏళ్ళన్నీ గుర్తొచ్చి ఒళ్ళు మండిపోయేది.

ఆ రోజుల్లోనే ఒక వ్యాయామ క్లబ్బువాళ్ళు కొత్త రోడ్ల మీద హాఫ్ మారథాన్ పెడుతున్నామని కంపెనీలన్నిటికీ కాగితాలు పంపారు. మా మేనేజర్ ఆడవాళ్ళ సీట్ల దగ్గరికి వచ్చి, "లేడీస్ ఉంటే ఫోటో బాగుంటుందండి. నలుగురు పేర్లివ్వండి. ఫస్ట్ కిలోమీటర్ పరిగెత్తి వ్యాన్ ఎక్కేయండి, టిఫిన్ ఉంటుంది" అన్నాడు. ముగ్గురు టిఫిన్ కోసం ఇచ్చారు. నాలుగో పేరు నాది. నేను వ్యాను ఎక్కను అని చెప్పలేదు, చెబితే కొట్టేస్తాడేమోనని.

ఇంట్లో ఎలా చెప్పాలా అని వారం రోజులు గింజుకున్నాను. నాకా శ్రమ లేకుండా యాదమ్మే చేసిపెట్టింది. ఆ శనివారం సాయంత్రం, నేను ఆవిడ సంచిలో మరిచిపోయిన డబ్బా ఇవ్వడానికి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. మా నాన్న వాకిట్లో కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. "సారూ, మీ బిడ్డ మస్తు ఉరుకుతది! రోజు నాకన్న ముంగటనే. గుండె లేదు గిండె లేదు, ఏం ఫికర్ చెయ్యకుండ్రి" అని నవ్వుతూ డబ్బా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

మా నాన్న పేపరు మడిచి, కళ్ళజోడు తీసి, లోపలికి వచ్చారు. అరవలేదు. ఆయన కోపం ఎప్పుడూ ఆఫీసు కోపమే. "వ్యాను రావడం లేదన్నమాట. ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగారు. చెప్పాను. పందెం సంగతి కూడా చెప్పేశాను, ఎలాగూ మునిగాను కదా అని. ఎన్ని కిలోమీటర్లన్నారు. ఇరవై ఒకటన్నాను. నాయనమ్మ గోడకి చేరగిలబడి, "దాన్ని చంపేస్తారా ఏమిటిరా" అని ఏడుపు లంకించుకుంది.

"సోమవారం నుంచి నువ్వు ఆఫీసుకి వెళ్ళక్కర్లేదు" అన్నారు మా నాన్న.

నాకెక్కడి నుంచి వచ్చిందో ఆ ధైర్యం! "ఒక్కసారి పరిగెత్తనివ్వండి నాన్నగారూ. మధ్యలో పడిపోతే ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుంటాను, జన్మలో గడప దాటను. పడిపోకుండా చివరిదాకా వెళ్తే మాత్రం సూది ఆపెయ్యాలి. నాకిక ఆ సూది వద్దు, ఆ జబ్బూ వద్దు."

ఆయన ఒప్పుకున్నారు. నేను రెండు కిలోమీటర్లకే కూలబడతానని ఆయనకి గట్టి నమ్మకం, లేకపోతే ఒప్పుకునేవారు కాదు. ఒప్పుకుని ఏం చేశారో తెలుసా? ఒక తెల్లకాగితం తీసి నా ముందు పెట్టి, చెబుతూ రాయించారు. క్రింద సంతకం చేసిన వసుంధర అను నేను, తండ్రిగారి అభీష్టమునకు వ్యతిరేకముగా, నా ఇష్టపూర్వకముగా, అని మొదలుపెట్టి పేజీన్నర. కన్నకూతురు దగ్గర హామీ పత్రం రాయించుకున్న తండ్రి ఈ జంటనగరాల్లో ఆయనొక్కరే అయి ఉంటారు. నేను సంతకం పెట్టాను. మా అమ్మని సాక్షి సంతకం పెట్టమన్నారు. మా అమ్మ ఆ కాగితం చదివి, ఆయన వంక ఒక రకంగా చూసి సంతకం పెట్టింది. ఆ చూపు నాకప్పుడు అర్థం కాలేదు.

మర్నాడే పందెం. తెల్లవారుజామునే ఇంట్లో పెళ్ళి హడావిడి. బలహీనమైన పిల్ల ఖాళీ కడుపుతో పరిగెత్తితే కళ్ళు తిరుగుతాయని నాయనమ్మ తీర్మానించింది. నెయ్యి కారుతున్న పెసరట్లు మూడు, వాటి నిండా జీడిపప్పు ఉప్మా, పైన గ్లాసుడు బాదంపాలు. వద్దంటే హామీ పత్రం రద్దు అన్నారు మా నాన్న. తిన్నాను. ఆంజనేయస్వామి సింధూరం నుదుట దట్టంగా పెట్టారు. చుడీదారు మీద కంపెనీ ఇచ్చిన చొక్కా, దాని మీద చున్నీకి రెండు వైపులా పిన్నీసులు. చున్నీ లేకుండా పరిగెత్తవచ్చని మా ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

అద్దాల భవనం ముందు జనం బాగానే ఉన్నారు. ఫోటో అయింది. కిలోమీటరు దగ్గర మిగిలిన ముగ్గురూ వ్యాను ఎక్కి ఇడ్లీ పొట్లాలు విప్పారు. నేను ఆగకపోయేసరికి మేనేజర్ కిటికీలోంచి, "వసుంధర గారూ, చాలండి, వచ్చేయండి" అని అరిచాడు. వినబడనట్టు వెళ్ళిపోయాను. కాస్త దూరం వెళ్ళేసరికి వెనక నుంచి స్కూటరు చప్పుడు. మా నాన్న మొదటి గేరులో వస్తున్నారు, వెనక సీటు మీద ఒక పక్కకి మా అమ్మ. చేతిలో గ్లూకోజు నీళ్ళ ఫ్లాస్కు, తువ్వాలు, గొడుగు. "వసూ, మెల్లిగా! వసూ, ఊపిరి చూసుకో!" అని ఫర్లాంగుకొకసారి కేక. పక్కన పరిగెత్తేవాళ్ళు పందెం తాలూకు అధికారి అనుకుని ఆయనకి దారిచ్చారు. ఒకాయనైతే, "సార్, వాటర్ ఎక్కడుంది సార్?" అని అడిగాడు. "ముందుకు పదండి" అన్నారు మా నాన్న చాలా గంభీరంగా.

గచ్చిబౌలి దాటి, యూనివర్సిటీ రోడ్డు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాం. అప్పటికి నా చుట్టూ ఎవరూ లేరు. అందరూ ముందుకెళ్ళిపోయారు, లేదా మానేశారు. ఎండ ఎక్కింది, చెట్టన్నది లేదు. పెసరట్టు కడుపులో రాయిలా తిరుగుతోంది. ఇంకా నాలుగైదు కిలోమీటర్లు ఉందనగా, రోడ్డు పక్కన మట్టికుప్ప దగ్గర నాయనమ్మ ప్రేమంతా కక్కేశాను. అక్కడే ఒక బండ మీద చతికిలబడ్డాను. మా నాన్న స్కూటరు స్టాండు వేసి వచ్చారు.

"ఎక్కు, చాల్లే. ఇంటికెళ్దాం."

"నేను పడిపోలేదు."

"కూర్చున్నావుగా. కూర్చోవడం కూడా పడిపోవడం కిందికే వస్తుంది."

ఆ పరిస్థితిలో కూడా రూలు తీశారు మహానుభావుడు! నాకు ఏడుపొచ్చింది. ఓడిపోయాననే అనుకున్నాను. ఉద్యోగం పోయింది, ఇక ఆ రెండు గదుల్లో ఛాతీ మీద చెయ్యి వేసుకుని ముసలిదాన్నవుతానని కళ్ళ ముందు కనిపించింది. అప్పుడు మా అమ్మ స్కూటరు దిగి వచ్చింది. జీవితంలో ఆయనకి ఎదురుచెప్పి ఎరగని మనిషి.

"కూర్చుంటే కూర్చుంది, లేస్తుంది. ఏవండీ, ఆ కాయితం సంగతి దానికి చెప్పండి."

"ఏ కాయితం?" అన్నారు మా నాన్న.

"దాని ఫైల్లో ఉన్నది. పెద్దాసుపత్రి డాక్టరు గారు రాసిచ్చింది. బూజులు దులిపినప్పుడు చూశాను. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

మా అమ్మే చెప్పింది, గ్లూకోజు నీళ్ళు నా చేతికిస్తూ. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు ఆఖరుసారి పెద్దాసుపత్రికి వెళ్ళినప్పుడు, నన్ను బయట బల్ల మీద కూర్చోబెట్టి మా నాన్న ఒక్కరే లోపలికి వెళ్ళారు. గుండె శుభ్రంగా ఉంది, కవాటాలకి ఏమీ కాలేదు, ఇక సూదులు ఆపేయవచ్చని డాక్టరు కాగితం మీద రాసి సంతకం చేసి ఇచ్చారు. మా నాన్న దాన్ని తెచ్చి ఫైల్లో పెట్టి దారం కట్టారు. ఇంకొంతకాలం వాడమన్నారని నాతో చెప్పారు. అక్కడ క్యూలు ఎక్కువ, ఇక కాంపౌండరు చాలన్నారు. ఆఫీసులో మనుషుల పింఛన్ల కాగితాలు ఎలా పెట్టేవారో, నా గుండెని కూడా అలాగే నాలుగేళ్ళు పెండింగులో పెట్టారు. మూడు వారాలకొక సూది చొప్పున నాలుగేళ్ళు. నేను బండ మీద కూర్చునే లెక్కేశాను. డెబ్బై దాకా తేలాయి.

"ఎందుకు?" అని అరిచాను. "ఎందుకు చేశారిలా?"

మా నాన్న ఎండలో కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. "ఆపేసిన తరవాత ఏదైనా అయితే? ఆపమన్నది నేనే అవుతాను కదే. నా చెల్లెలికి ఒళ్ళు వెచ్చగా ఉంటే, ఏం కాదు, బడికి పొమ్మన్నది కూడా నేనే" అన్నారు.

ఇప్పుడు ఈ మాట రాస్తుంటే చెయ్యి ఆగుతోంది. అప్పుడు మాత్రం నాకు జాలి వెయ్యలేదు. వేసిందని రాస్తే శుద్ధ అబద్ధం. ఒళ్ళంతా మంటెత్తింది. ఆయన ముఖం చూడబుద్ధి కాలేదు, ఆ స్కూటరు ముఖం అంతకంటే చూడబుద్ధి కాలేదు. ఫ్లాస్కు ఆయన చేతిలో కుక్కి లేచాను. మిగతా దూరం నేను పట్టుదలతోనో గుండె నిబ్బరంతోనో పరిగెత్తానని ఈ చిలకపచ్చ చొక్కాలవాళ్ళు అనుకుంటే అనుకోనీ. నేను కోపంతో పరిగెత్తాను. ఆ మనిషికి వీలైనంత దూరంగా పోవాలని పరిగెత్తాను. మధ్యలో నడిచాను, మళ్ళీ పరిగెత్తాను. చున్నీ పిన్నీసు ఊడిపోతే తీసి నడుముకి చుట్టుకున్నాను. వెనక్కి తిరిగి చూడలేదు.

అద్దాల భవనం దగ్గరికి చేరేసరికి అక్కడ పందెం లేదు. గీత మీద కట్టిన గుడ్డ విప్పేశారు, షామియానా మనుషులు గుంజలు పీకుతున్నారు. ముగింపు గీత ఎక్కడయ్యా అంటే ఎవరికీ తెలియదు. నీళ్ళ ప్యాకెట్లు ఊడవడానికి కూలికి పిలిచిన ఆడవాళ్ళలో యాదమ్మ కూడా ఉంది. నన్ను చూసి చీపురు ఆపింది.

"అయ్యో బిడ్డా, ఇంక ఉరుకుతనే ఉన్నవా? నువ్వు ఎప్పుడో ఇంటికి వొయినవనుకున్న."

"గీత ఎక్కడుండేది యాదమ్మా?"

"గీడ్నే, గీ పోలుకాడ." చీపురుతో చూపించింది. నేను ఆ స్తంభం దాటి నిలబడ్డాను. "అయిందా? జర పక్కకు జరుగు మల్ల, ఊడ్వాలె" అంది. నన్ను అభినందించింది ఆవిడొక్కతే, అదీ అంతే. ఇంకో ముప్పావుగంటకి మా అమ్మ వచ్చింది, నడుచుకుంటూ. స్కూటరు ఎక్కనందిట. హవాయి చెప్పులతో, గొడుగు వేసుకుని, ఆ నాలుగైదు కిలోమీటర్లూ నడిచింది. ఆవిడ వెనక మొదటి గేరులో మా నాన్న. వచ్చి స్కూటరు ఆపి, నా వంక చూడకుండా, "ఎండ ముదిరింది. మీ అమ్మని ఎక్కమను" అన్నారు.

సోమవారం ఆఫీసులో సర్టిఫికెట్లు పంచారు. వ్యానులో ఇడ్లీ తిన్న ముగ్గురికీ, నాకూ ఒకటే కాగితం, ఒకటే అక్షరాలు, విజయవంతముగా పూర్తి చేసినందుకు అని. నేను పూర్తి చేసిన సంగతి ఆ క్లబ్బుకీ తెలియదు, మేనేజర్‌కీ తెలియదు. ఆ కాగితం బస్సు టికెట్లతో పాటు ఎక్కడో పోయింది, నేను వెతకలేదు కూడా. ఈ రోజుల్లో ఇవ్వడానికి కంచాలంతేసి పతకాలున్నాయి, పోలీసులు ఫ్లైఓవర్లు మూసి దారిస్తారు, అడుగడుక్కీ అరటిపండ్లు, కెమెరాలు. పరిగెత్తేముందు మా సంఘంవాళ్ళు కంప్యూటర్లో ఒక కాగితం నింపుతారట, నాకేమైనా అయితే బాధ్యత నాదే అని. మా నాన్న ఉంటే దాన్ని చూసి మురిసిపోయేవారు. ఇక ఆ చేతి గడియారాలు! మొన్న సోఫాలో కూర్చున్న పెద్దాయన కాఫీ తాగుతూ మూడుసార్లు మణికట్టు చూసుకుని, "హార్ట్ రేట్ సెవెంటీ టూ, బాగానే ఉంది" అని పక్కవాళ్ళకి చెప్పాడు. పక్కవాళ్ళు తమవి చెప్పారు. ఒంట్లో ఏ రోగమూ లేని మనుషులు, తమ ఛాతీకి తామే చెవి ఆనించుకుని బతుకుతున్నారు. నేను నా గుండె సంగతి ఎవరూ మాట్లాడకుండా ఉండటానికి పరిగెత్తాను. వీళ్ళు దాని గురించి మాట్లాడుకోవడానికి పరిగెత్తుతున్నారు. ఎవరి సరదా వాళ్ళది, కాని నన్ను ఇన్‌స్పిరేషన్ అనకుండా ఉంటే చాలు.

సూది ఆగింది. కాని మా నాన్న ఓడిపోయానని ఒప్పుకున్నారనుకోకండి. క్యాలెండర్‌లో ఎర్ర సున్నా వచ్చిన మొదటి రోజు, ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చి, "కాంపౌండరు ఊళ్ళో లేడుట" అన్నారు. మూడు వారాల తరవాత, మందు స్టాకు లేదుట. ఆ తరవాత కాంపౌండరుకి జ్వరం. ఆ మనిషి రోజూ సాయంత్రం మా వీధి చివర కిళ్ళీకొట్టు దగ్గర నిలబడి కనిపించేవాడు. ఏడాది తిరిగి కొత్త క్యాలెండర్ వచ్చింది, దాని మీద సున్నాలు చుట్టలేదు. ఆ విషయం మేమెవరం ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. తప్పు చేశాననో, క్షమించమనో ఆయన నోటి వెంట ఒక్క మాట రాలేదు. నేను చాలా ఏళ్ళు ఆ మాట కోసం కాచుకుని, రాకపోయేసరికి ఆయనతో ముభావంగానే ఉన్నాను. పెళ్ళై వెళ్ళిపోయాక కూడా ఉత్తరాల్లో క్షేమమని తప్ప ఇంకేమీ రాసేదాన్ని కాదు.

నా మొదటి కాన్పుకి నర్సింగ్ హోములో చేర్చినప్పుడు ఆయన కూడా వచ్చారు. నాకు నొప్పులు మొదలయ్యాయి. చిన్న వయసు డాక్టరమ్మ నా పాత వివరాలు తిరగేస్తూ, "చిన్నప్పుడు కీళ్ళవాతపు జ్వరం అని ఉంది. ఇప్పుడు గుండె ఎలా ఉంది? మెట్లెక్కితే ఆయాసం వస్తుందా?" అని అడిగింది. నేను ఊపిరి కూడదీసుకునేలోపు గుమ్మంలో నుంచి మా నాన్న అందుకున్నారు.

"ఏమీ లేదండీ. దాని గుండెకేం లేదు. మా అమ్మాయి ఇరవై ఒక్క కిలోమీటర్లు పరిగెత్తిందండీ, ఎక్కడా ఆగకుండా."

డాక్టరమ్మ నవ్వి తలూపింది. ఆయన ఒక అడుగు లోపలికి వేసి, మెడ సాచి ఆవిడ చేతిలో కాగితం వంక చూశారు.

"రాసుకున్నారా అండీ?" అన్నారు.

"రాస్తున్నానండీ" అంది ఆవిడ.

ఆగాను. కక్కుకున్నాను, బండ మీద కూర్చున్నాను, ఏడ్చాను. ఆయన కళ్ళ ముందే. ఇంకో నొప్పి రావడానికి కొంచెం వ్యవధి ఉంది, ఆ మాట సరిదిద్దడానికి అది చాలు. నేను సరిదిద్దలేదు.